ఫారంలో ఫీల్డ్‌ను దాచాలా, డిజేబుల్ చేయాలా, తీసేయాలా: ఏది మేలు?

వెబ్ ఫారంలో "మీకు పెళ్లయిందా?" అని ఒక ప్రశ్న. అయింది అంటేనే కింద "భార్య / భర్త పేరు" అడగాలి. ఇంత చిన్న పనికి నాలుగైదు దారులున్నాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా పనిచేస్తాయి, తేడా సబ్మిట్ నొక్కినప్పుడు బయటపడుతుంది.

మొదటిది, అందరం ముందు చేసేది: సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే భాషలో) డిస్‌ప్లే నన్, అంటే చూపించొద్దని రాయడం. ఫీల్డ్ మాయం, ట్యాబ్ నొక్కినా అక్కడికి వెళ్లదు, స్క్రీన్ రీడర్ (చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కూడా చదవదు. అంతవరకు బాగుంది. కానీ ఆ ఫీల్డ్ ఫారంలోనే ఉంది. ఒకరు "అయింది" నొక్కి పేరు రాసి, తర్వాత పొరపాటు తెలుసుకుని "కాలేదు"కి మార్చారనుకోండి, కనిపించని ఆ పేరు కూడా సర్వర్‌కి వెళ్లిపోతుంది, డేటాబేస్‌లో పెళ్లికాని మనిషికి జీవిత భాగస్వామి పేరు నమోదవుతుంది.

ఇంకో ఇబ్బంది ఇంతకంటే పెద్దది. ఆ ఫీల్డ్‌కి రిక్వైర్డ్ (తప్పక నింపాలి) అని పెట్టి, అది ఖాళీగా ఉండగా దాచేస్తే బ్రౌజర్ ఫారంను పంపదు. పంపకపోగా, తప్పు ఎక్కడుందో చూపించడానికి ఆ ఫీల్డ్ తెరమీద లేదు కాబట్టి ఏమీ చెప్పదు కూడా. క్రోమ్ అయితే కన్సోల్‌లో (డెవలపర్లు తప్పులు చూసుకునే చోట) ఒక ఎర్ర లైను రాసి ఊరుకుంటుంది. నేను ఒకసారి దీనితో సగం రోజు తిప్పలు పడ్డాను, బటన్‌కి పెట్టిన కోడే తప్పనుకుని దాన్ని మూడుసార్లు తిరగరాశాను. కన్సోల్ తెరవడం తెలియని వాడుకరి పరిస్థితి ఆలోచించండి, బటన్ నొక్కుతూనే ఉంటాడు, ఏమీ జరగదు.

ఒపాసిటీ సున్నా (పూర్తి పారదర్శకం), ఎత్తు సున్నా చేసి దాచేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వద్దు. ట్యాబ్ నొక్కితే కర్సర్ కనిపించని ఫీల్డ్‌లోకి పోతుంది.

రెండోది, దాచకుండా డిజేబుల్ చేయడం, అంటే రాయడానికి వీల్లేకుండా మూసేయడం. ఫీల్డ్ బూడిద రంగులో కనిపిస్తూనే ఉంటుంది, విలువ సర్వర్‌కి వెళ్లదు, రిక్వైర్డ్ ఉన్నా బ్రౌజర్ పట్టించుకోదు. దేశం ఎంచుకున్నాక రాష్ట్రం ఎంచుకునే డ్రాప్‌డౌన్ లాంటి వాటికి ఇదే సరైనది, ఎందుకంటే తర్వాత ఏం అడుగుతారో ముందే తెలుస్తుంది, పేజీ కిందికీ పైకీ ఎగరదు. కానీ అసలు తనకు వర్తించని ఎనిమిది ఫీల్డ్‌లు బూడిద రంగులో వరసగా కనిపిస్తే మనిషికి టెన్షన్ వస్తుంది, ఇవి ఎందుకు తెరుచుకోవట్లేదని.

మూడోది డామ్‌లోంచి, అంటే బ్రౌజర్ పేజీని గుర్తుంచుకునే నిర్మాణంలోంచి, పూర్తిగా తీసేయడం. రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీల్లో షరతు రాసి చూపించడం అలవాటు కాబట్టి చాలామంది చేసేది ఇదే. అనవసర డేటా వెళ్లదు, రిక్వైర్డ్ గొడవ లేదు. మరి రాసింది? వేలు పొరపాటున ఇంకో రేడియో బటన్ మీద పడి వెంటనే వెనక్కి మార్చుకున్నా అప్పటిదాకా రాసిందంతా పోతుంది. విలువల్ని పై కాంపోనెంట్‌లో (ఈ ఫీల్డ్‌ను చూపించే కోడ్ భాగంలో) దాచుకుంటే పోదు, నిజమే, అయితే అప్పుడు పంపేముందు వర్తించనివాటిని ఏరిపారేసే బాధ్యత మళ్లీ మనదే.

నా ఓటు నాలుగోదానికి: ఆధారపడిన ఫీల్డ్‌లన్నిటినీ ఒక ఫీల్డ్‌సెట్‌లో (ఫీల్డ్‌లను గుంపుగా ఉంచే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్) పెట్టి, దానికే హిడెన్ (దాచు), డిజేబుల్డ్ అనే రెండు గుణాలూ కలిపి పెట్టడం, తీసేటప్పుడు రెండూ కలిపి తీయడం. కనిపించదు, పంపదు, రిక్వైర్డ్ అడ్డుపడదు, రాసింది పోదు. లోపల ఇంకో ఫీల్డ్‌సెట్ ఉంటే ("పిల్లలున్నారా?" అంటే వాళ్ల వయసులు) దాని సొంత స్థితి చెడదు. అదే ఒక్కో ఇన్‌పుట్ మీద లూప్ తిప్పి ఎనేబుల్ చేస్తే, మూసి ఉండాల్సిన లోపలివి కూడా తెరుచుకుంటాయి. ఒక్క జాగ్రత్త, మీ సీఎస్‌ఎస్‌లో ఆ ఫీల్డ్‌సెట్‌కి డిస్‌ప్లే ఫ్లెక్స్ (ఒక రకం అమరిక) అని రాసి ఉంటే అది హిడెన్‌ను మించిపోతుంది, హిడెన్ పనిచేయదు, కాబట్టి హిడెన్ ఉన్నవాటికి డిస్‌ప్లే నన్ గట్టిగా, ఇంపార్టెంట్ పెట్టి రాయండి.

జావాస్క్రిప్ట్ లేకుండా ఒక్క సీఎస్‌ఎస్ హ్యాజ్ సెలెక్టర్‌తో (లోపల ఫలానాది ఉంటే ఇలా చూపించు అని రాసే పద్ధతి) చేద్దామా అని కొందరు అడుగుతున్నారు. 2023 డిసెంబర్‌లో ఫైర్‌ఫాక్స్‌కి కూడా వచ్చాక పెద్ద బ్రౌజర్లన్నిటిలో అది ఉంది, రాయడానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ అది రూపాన్నే మారుస్తుంది, డిజేబుల్ చేయలేదు. అంటే మళ్లీ మొదటి దారి కష్టాలే.

ఒక జవాబు వల్ల తెరుచుకునే ప్రశ్నలు రెండు మూడు దాటితే మాత్రం దాచిపెట్టే ఆట మానేసి తర్వాతి పేజీలో అడగండి. బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ కూడా ఇలా తెరిచేది సింపుల్ ప్రశ్నగానే ఉండాలని, క్లిష్టమైతే తర్వాతి పేజీకి మార్చమని చెబుతుంది.

ఏ దారి పట్టినా, తెరుచుకునే ఫీల్డ్ దాన్ని తెరిచిన ప్రశ్నకు సరిగ్గా కిందే రావాలి. పైన వస్తే స్క్రీన్ రీడర్‌తో చదివేవారికి అది వచ్చినట్టే తెలియదు. చూపించే, దాచే ఫంక్షన్‌ను క్లిక్‌కి మాత్రమే కాదు, పేజీ తెరుచుకోగానే కూడా నడపండి, రిఫ్రెష్ చేసినా ఫైర్‌ఫాక్స్ పాత జవాబుల్ని అలాగే ఉంచుతుంది, అప్పుడు "అయింది" టిక్ అయి ఉంటుంది, కింద పేరు అడిగే ఫీల్డ్ ఉండదు. సర్వర్‌లో కూడా అదే షరతు మళ్లీ రాయండి. బ్రౌజర్‌లో డిజేబుల్డ్ అన్నదాన్ని ఎవరైనా డెవలపర్ టూల్స్ తెరిచి ఒక్క క్షణంలో తీసేయగలరు.