డిమెన్షియా ఉన్నవాళ్ళ కోసమని అమ్మే "సేఫ్టీ కిట్" కొనేముందు ఇది చదవండి

ఇంట్లో మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళని చూసుకుంటున్న అందరికీ చెబుతున్నాను. "డిమెన్షియా పేషెంట్ల కోసం ప్రత్యేకంగా డిజైన్ చేసింది" అంటూ ఆన్‌లైన్‌లో ఈ మధ్య తెగ ప్రకటనలు వస్తున్నాయి, గది గుమ్మం దగ్గర వేసే సెన్సర్ మ్యాట్, మాట్లాడే మందుల డబ్బా, జీపీఎస్ వాచీ, మూడూ కలిపి ఒక కిట్. మేం 18 వేల పైన పెట్టి కొన్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఎలాగూ ఇదే సరుకు వేరే వేరే పేర్లతో దొరుకుతోంది, అందుకే ఏం జరిగిందో, కొనేముందు ఏం అడగాలో చెబుతాను.

మా అమ్మకి 74 ఏళ్ళు. అల్జీమర్స్, అంటే డిమెన్షియాలో ఒక రకం అని డాక్టరు గారు తేల్చారు. ఇప్పటికీ స్నానం, జడ, పూజ తనే చేసుకుంటుంది, చిక్కుడుకాయలు ముందు పోస్తే శుభ్రంగా ఒలిచి పెడుతుంది. మా టెన్షన్ అంతా రాత్రిళ్ళే, లేచి వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోతుందేమోనని. నాన్నకి చెవులు సరిగా వినపడవు.

మొదట మ్యాట్ సంగతి. నల్లటి రబ్బరు మ్యాట్, దాన్ని తొక్కితే మన ఫోన్ మోగుతుంది. మా ఇంట్లో తెల్ల టైల్స్. అమ్మ పడుకునే గది గుమ్మం దగ్గర వేసి పడుకున్నాం. ఆ రాత్రి ఫోన్ మోగలేదు. మోగకపోతే అమ్మ హాయిగా నిద్రపోతోందని కదా అనుకుంటాం, మంచినీళ్ళ కోసం లేచిన మా ఆయన చూసేసరికి అమ్మ గుమ్మం రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది, కాళ్ళు వణుకుతున్నాయి, చీర తడిసిపోయింది. "గొయ్యి తవ్వారే ఇక్కడ, ఎలా దాటను?" అంది. బాత్రూంకి వెళ్ళాలని లేచి, ఆ నల్ల మ్యాట్ ముందు ఎంతసేపు అలా నిలబడిందో తెలీదు. పొద్దున చీర సంగతి గుర్తొచ్చిందో ఏమో, నాన్న మొహం చూడలేక ఏడ్చింది.

డాక్టరు గారు ఫోన్‌లోనే చెప్పారు, డిమెన్షియాలో కంటికి కనపడినదాన్ని మెదడు సరిగ్గా అర్థం చేసుకోలేదు, లేత రంగు నేల మీద ముదురు రంగు మ్యాట్ చాలామందికి గుంటలా కనిపిస్తుంది, వెంటనే తీసేయండి అని. ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదండీ. ఈ జబ్బు ఉన్నవాళ్ళని రోజూ చూసేవాళ్ళకి తెలిసిన సంగతే. అలాంటి మ్యాట్‌ని నల్లగా చేసి, "డిమెన్షియా స్పెషల్" అని డబ్బా మీద అచ్చేసి అమ్ముతున్నారంటే, ఆ జబ్బు ఉన్న ఒక్క మనిషిని కూడా దాని మీద నడిపించి చూడలేదన్నమాట.

వాచీ ఇంకా బాధపెట్టింది. దాని పట్టీకి తాళం ఉంటుంది, పెద్దవాళ్ళు విప్పేసుకోకుండా. అమ్మ రెండు చేతులకీ నిండుగా గాజులు, పట్టీ వెడల్పు వల్ల ఎడం చేతి గాజులు తీస్తే తప్ప అది ఎక్కదు. నేను సబ్బు రాసి రెండు గాజులు తీశానో లేదో చెయ్యి లాగేసుకుని "మీ నాన్నకేమైందే? నిజం చెప్పు, ఏమైంది?" అని గోల పెట్టింది. నాన్న పక్క గదిలోంచి వచ్చి ఎదురుగా కూర్చున్నా చాలాసేపు నమ్మలేదు. మన అమ్మలు, అమ్మమ్మల ముందు ఆ వాచీ ఒక్కసారి పెట్టి ఉంటే, మెడలో వేసుకునేలానో, చీర కొంగుకి పెట్టుకునేలానో చేయాలని అప్పుడే తెలిసేది. ఇవి కాక, అది 2జీ సిమ్‌తోనే పనిచేస్తుంది. మా ఇంట్లో అందరివీ జియో నంబర్లు, జియోకి 2జీ లేదు, ఈ మాట ప్రకటనలో ఎక్కడా రాయలేదు. వేరే సిమ్ తెచ్చి వేస్తే, అమ్మ ఇంట్లోనే ఉండగా పక్క వీధిలో ఉన్నట్టు చూపించింది. ఆపదలో నొక్కాల్సిన బటన్ కూడా ఒకటుంది, కొన్ని సెకన్ల పాటు నొక్కి పట్టుకోవాలి. కంగారులో ఉన్న అమ్మకి ఆ బటన్ ఎందుకో ఎలా గుర్తుంటుంది?

మందుల డబ్బా గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఇది ప్రాణాల మీదకి వచ్చే విషయం. టైముకి అది మోగుతుంది, ఎవరో ఆడగొంతు మందు వేసుకోమని చెబుతుంది, డబ్బా బోర్లిస్తే మాత్రలు చేతిలో పడతాయి. బోర్లించగానే మన ఫోన్‌కి "మందు తీసుకున్నారు" అని మెసేజ్ వచ్చేస్తుంది. అమ్మ చేతులు వణుకుతాయి. మంచం కింద ఊడుస్తుంటే మాత్రలు దొరికాయి, ఆ రోజుల్లో నా ఫోన్‌లో అన్నిటికీ ఆకుపచ్చ టిక్కులే. ఇంక ఆ గొంతు మోగినప్పుడల్లా అమ్మ "ఎవరావిడ, లోపలికి ఎవరు రానిచ్చారు?" అని గదులన్నీ వెతికేది. నా గొంతు రికార్డు చేసి పెట్టుకునే వీలు లేదు. చివరికి ఆ డబ్బా మీద తువ్వాలు కప్పి పెట్టింది అమ్మ.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. "మేం చాలామంది కేర్‌గివర్స్‌తో టెస్ట్ చేశాం మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. సరే, చూసుకునేవాళ్ళతో చేశారు, మరి డిమెన్షియా ఉన్నవాళ్ళతో చేశారా అని అడిగాను. "వాళ్ళు ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేరు కదా మేడమ్" అన్నాడు.

ఈ మాటకే నాకు కడుపు మండిపోయింది. గొయ్యి ఉందని చెప్పింది ఎవరు? గాజులు తీయొద్దని చెయ్యి లాక్కుంది ఎవరు? తువ్వాలు కప్పింది ఎవరు? అమ్మ చెప్పాల్సినవన్నీ చెప్పింది, వినే చోట వాళ్ళెవరూ లేరు అంతే.

పైగా డిమెన్షియా ఉన్నవాళ్ళతో కలిసి వస్తువులు తయారు చేయడం ఇంకెక్కడా జరగని పనేమీ కాదు. ఇంగ్లాండులో న్యూకాజిల్ పరిశోధకులు 2009లో ప్రచురించిన కైట్ అనే ప్రాజెక్టులో డిమెన్షియా ఉన్నవాళ్ళనీ, వాళ్ళని చూసుకునేవాళ్ళనీ కూర్చోబెట్టి, బయట తిరగడానికి మీకేం కావాలో చెప్పండని అడిగి, నమూనాలు చేతికిచ్చి, వాళ్ళు చెప్పినదాన్ని బట్టి మార్చుకుంటూ వెళ్ళారు. చూసుకునేవాళ్ళకి భద్రత మీద దిగులు, జబ్బు ఉన్నవాళ్ళకేమో తమంతట తాము తిరగాలన్న కోరిక. ఈ రెండూ ఒకటి కావు, అందుకే కేర్‌గివర్‌ని ఒక్కళ్ళనే అడిగితే సగమే తెలుస్తుంది. మనం ఎంత ప్రేమగా చూసుకున్నా మన భయమే మన నోటి వెంట వస్తుంది. నెదర్లాండ్స్‌లో బల్ల మీద వెలుగు బొమ్మలు పడేలా చేసే టోవర్‌టాఫెల్ అనే ఆట వస్తువు ఉంది, డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హెస్టర్ ల రిష్ అనే ఆవిడ తన పీహెచ్‌డీ పరిశోధనలో తయారు చేసింది, వృద్ధాశ్రమాల్లో డిమెన్షియా బాగా ముదిరినవాళ్ళ దగ్గర పెట్టి, వాళ్ళు చెయ్యి చాపుతున్నారా, నవ్వుతున్నారా అని చూస్తూ. మాటలు తగ్గినవాళ్ళ దగ్గర్నుంచి కూడా తెలుసుకోవచ్చు, పక్కన కూర్చునే ఓపిక ఉండాలి. స్కాట్లాండులోనైతే ఈ జబ్బు ఉన్నవాళ్ళే నడిపే సంఘం 2002 నుంచీ ఉంది, తమ గురించి తమని అడగమని వాళ్ళే గొంతెత్తారు.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అధ్యయనం అంచనా. ఇంతమంది ఇళ్ళల్లో ఇంత భయం ఉందని తెలిసే ఈ అమ్మకాలు. భయంలో ఉన్నవాళ్ళం కదా, "స్పెషల్" అన్న మాట కనపడితే చాలు, ధర చూడం.

కాబట్టి కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: డిమెన్షియా ఉన్నవాళ్ళు దీన్ని ఎక్కడ, ఎన్నాళ్ళు వాడి చూశారు, వాళ్ళు చెప్పాక ఇందులో ఏం మార్చారు? "ఏం మార్చారు" అన్నది వదలకండి, నిజంగా వాళ్ళతో కూర్చున్నవాళ్ళయితే ఒక్క మార్పైనా గడగడా చెప్పగలరు, రంగు మార్చామనో, మోత తగ్గించామనో. డాక్టర్లు మెచ్చుకున్నారు, అవార్డు వచ్చింది అని మాట దాటేస్తే ఫోన్ పెట్టేయండి. వీలైతే ఎవరింట్లోనైనా వాడుతున్నది అడిగి తెచ్చి, పగటి పూట, మీ అమ్మో నాన్నో నెమ్మదిగా ఉన్నప్పుడు, ఒక్కొక్కటిగా చేతికివ్వండి. వద్దని తోసేస్తే మొండితనం అనుకోకండి, ఎందుకు తోశారో చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో మ్యాట్ లేదు. బాత్రూం తలుపు తీసి ఉంచి లోపల చిన్న లైటు వేస్తున్నాం, మంచం మీద నుంచే కనపడుతుంది. వీధి తలుపుకి గంట కట్టాం, నాన్నకి వినపడకపోయినా మాకు వినపడుతుంది. మందులు మేమే చేతిలో పెట్టి, మింగేదాకా పక్కన ఉంటున్నాం.

డబ్బు విషయం. "ప్యాకింగ్ తెరిస్తే రిటర్న్ లేదు" అన్నారు. తెరవకుండా పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుందో వాళ్ళే చెప్పాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు, 5 లక్షల లోపు సరుకుకి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా కట్టక్కర్లేదు. ఇప్పటికే కొన్నవాళ్ళు బిల్లు, డబ్బా, ముఖ్యంగా ఆ "డిమెన్షియా స్పెషల్" అన్న ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, మా ఫిర్యాదు వెళ్ళాక ఆ పేజీలో ఆ మాట తీసేశారు. మందుల డబ్బా వాడుతుంటే ఫోన్‌లో టిక్కు చూసి ఊరుకోకుండా, ఈ రోజే మంచం కిందా దిండు కిందా వెతకండి, మాత్రలు దొరికితే ఏ మందు ఎన్ని రోజులు తప్పిందో మీ డాక్టరు గారికి చెప్పండి.