గిత్త కన్ను కనిపించిన రోజు: వెబ్ వీడియోలో ‘అధిక నాణ్యత’ తొలినాళ్లపై నా సమీక్ష

మా నాన్న పశువును చూసే తీరుకు ఒక వరస ఉంది. ముందు కంటి చుట్టూ నల్లటి వలయం, తరువాత మూపురం నిలబడిన తీరు, గంగడోలు ముడతలు, గిట్టల నలుపు, చివరగా ఒంటి మీద సుళ్లు. సుడి ఎక్కడ పడిందో చూడకుండా ఆయన ఏ కోడెకూ బేరం మాట్లాడలేదు. అటువంటి మనిషికి 2007లో, ఒంగోలులోని మా అద్దె ఇంట్లో, కంప్యూటర్ తెర మీద బ్రెజిల్ నెలోర్ గిత్తల వీడియో చూపించాను. కళ్లజోడు సవరించుకుని కాసేపు చూశారు.

"అమ్మాయ్, ఇది గిత్తా, గోడకు కొట్టిన సున్నమా?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. అప్పటి యూట్యూబ్ వీడియో వెడల్పు 320 చుక్కలు (పిక్సెళ్లు), ఎత్తు 240. సోరెన్సన్ స్పార్క్ అనే పద్ధతిలో కుదించేవారు. అది బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోని సన్నటి తేడాలను వదిలేసి బరువు తగ్గిస్తుంది. ఎండలో నిలబడిన తెల్లటి గిత్తలో ఉండేవన్నీ సన్నటి తేడాలే. మూపురం కింది నీడ, మెడ మీది ముడతలు మొదట పోయేవి. బండలాగుడు పోటీల వీడియోలు మరీ అన్యాయం. లేచే దుమ్ము ప్రతి ఫ్రేములోనూ కొత్తగా ఉంటుంది కనుక మారని భాగాలను ముందు ఫ్రేము నుంచి అరువు తెచ్చుకునే ఈ పద్ధతికి ఏమీ దొరకదు. ఉన్న బిట్లన్నీ దుమ్ముకే ఖర్చయిపోయి ఎడ్లు గళ్ల ముద్దలుగా మిగిలేవి.

బ్రెజిల్ గిత్తలు మాకెందుకంటే, అవి మావే కాబట్టి. మా ప్రాంతపు పశువులు 19వ శతాబ్దంలోనే ఆ దేశం చేరాయి. నెల్లూరు పేరే అక్కడ జాతి పేరయింది. 1960ల తొలి ఏళ్లలో ఒంగోలు పక్కనే ఉన్న కరవది నుంచి వెళ్లిన గిత్తను అక్కడివాళ్లు ‘కర్వాది’ అనే పిలిచారు. ఆ సంతతి ఇప్పుడెలా ఉందో కళ్లారా చూడాలన్నది నాన్న కోరిక.

2008లో ఒక చిట్కా తెలిసింది. వీడియో చిరునామా చివర ‘ఎఫ్ఎంటీ=18’ అని చేర్చితే అదే వీడియో 480 చుక్కల వెడల్పుతో, స్టీరియో ధ్వనితో వచ్చేది. ఐఫోన్, యాపిల్ టీవీల కోసం 2007లో తయారు చేయడం మొదలుపెట్టిన, హెచ్.264 అనే మెరుగైన పద్ధతిలో కుదించిన ప్రతులవి. 2008 మార్చిలోనే వీడియో కింద ‘అధిక నాణ్యతలో చూడండి’ అనే అర్థం వచ్చే లంకె కూడా పెట్టారు. కానీ అది అన్ని వీడియోలకూ కనిపించేది కాదు. అందుకే నేను చిట్కానే వాడాను. హెచ్.264 గళ్లను అవసరాన్ని బట్టి ఇంకా చిన్నవి చేస్తుంది, గడికీ గడికీ మధ్య అంచులను నునుపు చేస్తుంది. ఆ రోజు నాన్న తెరకు దగ్గరగా వంగి, "కన్ను వచ్చింది" అన్నారు. నల్లటి వలయం స్పష్టంగా ఉంది. తరువాత తీర్పు కూడా చెప్పారు: "కాళ్లు పొట్టివి. దీన్ని దుక్కికి పెంచలేదు, మాంసానికి పెంచారు." 320 చుక్కల బొమ్మలో ఆ మాట అనగలిగేవారే కాదు.

దీనికి చెల్లించిన వెల సమయం. మా లైను సెకనుకు 256 కిలోబిట్లు. ఆ ‘18’ ప్రతికి సుమారు 600 కావాలి. అంటే 5 నిమిషాల వీడియో దాదాపు 22 మెగాబైట్లు, అది దిగడానికి 12 నిమిషాలు. మా పథకంలో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 దాకా వాడకం లెక్కలోకి రాదు. అలారం పెట్టుకుని లేచి, నాలుగైదు వీడియోలు తెరిచి, అన్నిటినీ పాజ్ చేసి పడుకునేదాన్ని. తెల్లవారేసరికి, వీడియో ఎంత దిగిందో చూపే కింది గీతలు చివరిదాకా నిండి ఉండేవి. కరెంటు పోతే మాత్రం మళ్లీ మొదటికే. బ్రౌజర్ తాత్కాలిక ఫోల్డర్‌లో ఉండిపోయిన ఫైళ్లను వెతికి కాపీ చేసుకోవడం కూడా అలాగే అలవాటయింది.

అప్పటికి ఇంతకన్నా మంచి బొమ్మ లేదని కాదు. డివ్ఎక్స్ కంపెనీ వాళ్ల స్టేజ్6 అనే వీడియో సైటులో చూసిన బొమ్మకు సాటి లేదు. ప్రత్యేకంగా ప్లేయర్ వేసుకోవాలి. 2008 ఫిబ్రవరి 28న అది మూతపడింది. నాకు నిజంగా బాధ కలిగింది. విమియో అనే మరో వీడియో సైటు 2007 అక్టోబరులోనే 720 చుక్కల ఎత్తు బొమ్మ ఇచ్చింది కానీ నాకు కావలసిన పశువులు అక్కడ దొరకలేదు. యూట్యూబ్‌లో 2008 నవంబరులో ‘ఎఫ్ఎంటీ=22’ సంఖ్యతో 720, మరుసటి ఏడాది నవంబరులో 1080 వచ్చాయి. మా పెంటియం 4 కంప్యూటర్ 720ని విప్పలేక ఆగి ఆగి నడిపేది. ఆ పనిని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే ఫ్లాష్ ప్లేయర్ 10.1 (బ్రౌజర్‌లో వీడియో నడిపిన అప్పటి సాఫ్ట్‌వేర్) వచ్చింది 2010లో. మా పాత కార్డుకు అది కూడా ఉపయోగపడలేదు. కాబట్టి నాలుగేళ్లు నా పనిముట్టు 18 మాత్రమే. నా దృష్టిలో ఆ రోజుల్లో నిదానపు లైనుకూ పాత కంప్యూటర్‌కూ అంతకన్నా సరిపడింది లేదు.

ఇప్పటి పద్ధతి వేరు. 2009లో యాపిల్ హెచ్ఎల్ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా డ్యాష్ అనే ప్రసార పద్ధతులు వచ్చాక వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను అనేక నాణ్యతల్లో ఉంచుతున్నారు. లైను తగ్గితే ప్లేయర్ తనంతట తానే తక్కువ ముక్క తెస్తుంది. ఆగకుండా నడుస్తుంది, నిజమే. కానీ పాజ్ చేసి వదిలేస్తే కాస్త ముందుకు తెచ్చుకుని ఊరుకుంటుంది. వీడియో మొత్తం నిండదు. నిదానపు లైను ఉన్నవాడు ఓపిక పట్టి మంచి బొమ్మ సంపాదించుకునే దారి పాత పద్ధతిలో ఉండేది. పల్లెల్లో సిగ్నల్ ఊగిసలాడే చోట ఆ లోటు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంది. వేచి చూస్తానని చెప్పడానికి ఒక మీట ఉంటే చాలు.

నాన్నకు ఇప్పుడు ఫోనే చాలు. సాయంత్రం అరుగు మీద కూర్చుని గిత్తల వీడియో పెట్టమంటారు. మొదటి కొన్ని సెకన్లు బొమ్మ మసకగా వస్తుంది. నేను ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపుతారు.

"ఉండమ్మా, ఇంకా కన్ను రాలేదు."