విండోస్, మ్యాక్, లైనక్స్: మూడింటి మీదా పాటలు చేశాక

కొత్తవాళ్లు ముందుగా అడిగేది ఏ కంప్యూటర్లో సౌండ్ బాగుంటుందనే. సౌండ్ మూడింట్లోనూ ఒకటే. పాడేవాళ్ల గొంతు వాళ్ల హెడ్‌ఫోన్లోకి ఎంత త్వరగా చేరుతుంది, ఎప్పుడో చేసిన పాట ఇవాళ మళ్లీ తెరుచుకుంటుందా, తేడా అంతా ఈ రెండింటి దగ్గరే.

విండోస్ మామూలు దారిలో శబ్దం ఆలస్యంగా వస్తుంది. అందుకే 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన ఏసియో (శబ్దాన్ని అడ్డదారిలో త్వరగా పంపే డ్రైవర్ పద్ధతి) ఇప్పటికీ దిక్కు. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దపు కొలతల) దగ్గర బఫర్, అంటే ఒక్కో విడతలో పంపే శాంపిళ్ల సంఖ్య, 256 పెడితే ఒకవైపుకే 5 మిల్లీసెకన్లు దాటుతుంది, లోపలికీ బయటికీ కలిపితే పది పైనే. 1024 పెడితే ఒకవైపే 21. పిచ్ బెండ్ వీల్‌తో గమకం వేసి చూడండి, చేయి ముందు వెళ్తుంది, స్వరం వెనక వస్తుంది. పోనీ బఫర్ తగ్గిద్దామంటే నా లాప్‌టాప్‌లో ఆలాపన మధ్యలో ‘టప్’ మని ఒక చప్పుడు, ఆ టేకు పోయినట్టే. సర్వీస్ సెంటర్ వాళ్లు మెషీన్‌లో ఏ లోపమూ లేదని పంపేశారు. చివరికి ఇలాంటి చప్పుళ్లకు కారణం వెతికే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం నడిపి చూస్తే దొరికింది: వైఫై డ్రైవర్! ఇప్పుడు రికార్డింగ్ అంటే ముందు వైఫై ఆపడమే.

మ్యాక్‌లో ఈ బాధ చాలా తక్కువ. సౌండ్ చూసుకునే కోర్ ఆడియో సిస్టమ్‌లోనే ఉంది కాబట్టి ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తగిలించి పాడించేయొచ్చు. కానీ పాత పాటల విషయంలో దయ లేదు. 2019లో కాటలీనా అనే మ్యాక్ వెర్షన్‌తో పాత 32-బిట్ ప్లగిన్లన్నీ (వాయిద్యాలు, ఎఫెక్టులు ఇచ్చే చిన్న ప్రోగ్రాంలు) ఆగిపోయాయి, మరుసటి ఏడాది చిప్పే మారింది. నాకెంతో ఇష్టమైన వీణ ప్లగిన్‌ను చేసినవాళ్లు అప్‌డేట్ ఇవ్వలేదు, ఆ పాట తెరిస్తే అన్నీ మోగుతాయి, వీణ ఒక్కటీ మోగదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఇక ఆపిల్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో చేసిన పాటను విండోస్ వాడే మిత్రుడికి పంపాలంటే ట్రాకులన్నీ విడివిడిగా వేవ్ ఫైళ్లు చేయాల్సిందే, లాజిక్ తయారుచేసిన ఎమాజిక్‌ను 2002లో ఆపిల్ కొన్నాక విండోస్ లాజిక్ ఆగిపోయింది మరి.

లైనక్స్ మీద నాకు గౌరవం ఎక్కువ. ఒకప్పుడు సౌండ్ నడిపే జాక్ సెటప్ అంటేనే టెన్షన్, ఆ పని చేసే పైప్‌వైర్ వచ్చాక పాత లాప్‌టాప్‌లో కూడా ఆలస్యం లేకుండా పాడించగలిగాను. చిక్కల్లా వాయిద్యాల ప్లగిన్లతోనే, చాలా కంపెనీలు లైనక్స్‌కి చేయవు. యాబ్రిడ్జ్ అనే ప్రోగ్రాంతో విండోస్‌వి కొన్ని నడుస్తాయి, లైసెన్స్ తనిఖీ గట్టిగా ఉన్నవి మొండికేస్తాయి.

నేను స్థిరపడింది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మీద, మూడింట్లోనూ నడుస్తుంది. గొంతు మ్యాక్‌లో, మిక్సింగ్ విండోస్‌లో. పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాక్‌నూ వేవ్‌గా తీసి వేరే డిస్క్‌లో పెడతాను. మొదలుపెట్టేవాళ్లు ఉన్న లాప్‌టాప్‌నే ఉంచుకోండి, డబ్బు ముందు సొంత ఏసియో డ్రైవర్ ఉన్న మంచి ఇంటర్‌ఫేస్ మీద పెట్టండి. రేపు మ్యాక్‌కి మారినా అదే ఇంటర్‌ఫేస్ పనికొస్తుంది.