ఎర్రమట్టిలో మెటల్ డిటెక్టర్: మూడేళ్లు వాడాక గ్రౌండ్ బ్యాలెన్స్ గురించి

పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, పూతలపట్టు దగ్గర మా చేనులో ఎర్రమట్టి మీద దొర్లిస్తే నిమిషంలో దాని చుట్టూ నల్లటి పొడి మీసాల్లా లేచి నిలబడుతుంది. మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజం అది. డిటెక్టర్ కొన్న మొదటి ఆరు నెలలు నన్ను సతాయించింది ఆ పొడే.

నాది 12 కిలోహెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ మిషన్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీతో పనిచేసే రకం. నేల మీద ఊపే పళ్లెం లాంటి భాగం, కాయిల్, 11 అంగుళాలది; లోపల తీగ చుట్లు రెండు D అక్షరాల్లా ఉంటాయి కాబట్టి డీడీ కాయిల్ అంటారు. పొలాల్లో జారిపోయిన కమ్మలు, ఉంగరాలు వెతకడానికి, పూడిపోయిన ఇనుప పైపులు, వాల్వు మూతలు ఎక్కడున్నాయో చూడటానికి వాడతాను. కొత్తలో లోతు కావాలంటే సెన్సిటివిటీ, అంటే సన్నటి సిగ్నల్‌ను కూడా పట్టుకునే శక్తి, నిండా పెంచడమే దారి అనుకున్నాను. అడుగడుక్కీ కూత. చెనక్కాయలు పీకేటప్పుడు పక్క చేను అక్క బంగారు ఉంగరం పోతే రెండు పూటలు తిరిగాను, చిక్కలేదు. "పోనీలే నాయనా, ఎండలో ఎంతసేపని తిరుగుతావు" అని ఆమే అనింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

సంగతేమిటంటే, కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రానికి లోహం ఒక్కటే కాదు, మట్టి కూడా జవాబిస్తుంది. మన ఎర్రమట్టిలో ఆ జవాబు చిన్న ఉంగరం ఇచ్చే దానికన్నా చాలా పెద్దది. పెళ్లి మేళం పక్కన నిలబడి చెవిలో చెప్పిన మాట వినడం లాంటిది. సెన్సిటివిటీ పెంచితే మేళం కూడా పెరుగుతుంది. మట్టి సిగ్నల్‌ను గుర్తించి దాన్ని పక్కన పెట్టమని మిషన్‌కు చెప్పడమే గ్రౌండ్ బ్యాలెన్స్.

నేను చేసేది ఇలా. ముందు కాయిల్ అటూ ఇటూ ఊపి కింద లోహం లేని జాగా చూసుకుంటాను. మన చేలల్లో ఈ పనే కష్టం. ఎద్దుల లాడాలు, సీసా మూతలు, గుట్కా కవర్ల రేకు ఎక్కడ చూసినా ఉంటాయి. తర్వాత కాయిల్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని అడుగు ఎత్తు నుంచి అంగుళం దాకా దించుతూ లేపుతూ అయిదారుసార్లు కొడతాను. దించేటప్పుడు సౌండ్ పెరిగితే పాజిటివ్ వైపు ఉన్నట్టు, లేపేటప్పుడు పెరిగితే నెగటివ్ వైపు ఉన్నట్టు. దించినా లేపినా ఒకేలా వినిపించేదాకా మిషన్‌లో బ్యాలెన్స్ నంబరు మారుస్తూ సరిచేస్తాను. కుదరకపోతే పిసరంత పాజిటివ్ వైపు వదిలేస్తాను, నెగటివ్ వైపు మాత్రం వదలను. ఆ తర్వాతే సెన్సిటివిటీ జోలికి వెళ్తాను, అదీ కూతలు ఆగేదాకా తగ్గించడానికే.

ఇది నేర్చుకున్నాక అదే చేనుకు మళ్లీ వెళ్లాను. నేను రెండుసార్లు దాటిన సాలులోనే, అయిదు అంగుళాల లోతున ఉంగరం దొరికింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, వేలికి పెట్టుకోకుండా చాలాసేపు అరచేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మీరు ఇంట్లో పరీక్ష చేసుకోవాలంటే ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు పాతకండి. అవి స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అంటుకుంటాయి. మిషన్ వాటిని ఇనుము కింద లెక్కేయవచ్చు. పాత మందపాటి అయిదు రూపాయల నాణెం మంచిది, అది రాగి, నికెల్ మిశ్రమం. నా మిషన్ కంపెనీ సెట్టింగ్‌లో నాలుగు అంగుళాల దగ్గర ఆ నాణేన్ని వదిలేసేది. బ్యాలెన్స్ చేశాక ఏడు అంగుళాల దాకా నిలకడగా పలికింది.

ఒకసారి చేస్తే రోజంతా సరిపోదు. చిత్తూరు జిల్లాలో ఎర్రమట్టి మధ్యలో నల్లరాయి చాళ్లు అడ్డంగా పోతుంటాయి. వాటి మీదికి రాగానే బ్యాలెన్స్ మారిపోతుంది, పెద్ద రాళ్లు లోహంలా కూస్తాయి. వాన పడ్డాక కూడా మళ్లీ చేయాల్సిందే. ఆటో ట్రాకింగ్, అంటే మిషనే నడుస్తూ నడుస్తూ బ్యాలెన్స్ సరిచేసుకోవడం, ఉంది కదా అంటారు. నేల మారుతూ ఉండే చోట అది సుఖమే. కానీ ఒకే చోట చిన్న వస్తువు మీద కాయిల్ పదేపదే ఊపితే, దాన్నీ మట్టి అనుకుని మింగేస్తుంది. చిన్న నగలు వెతికేటప్పుడు నేను ట్రాకింగ్ ఆపేస్తాను.

ఇంత చేసినా పదడుగుల కింద బిందె కనబడుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ఈ రకం మిషన్‌తో నాణెం అయితే అంగుళాల లెక్కే. చంద్రగిరి కోట వైపు రమ్మని పిలిచినవాళ్లూ ఉన్నారు, నేను వెళ్లను. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. ఎక్కడైనా సరే, నేలలో పాతిపెట్టినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం ఉంది.

ఇప్పుడు పాకాల దగ్గర ఒకాయన చేనులో కమ్మ వెతకాలి. నిన్న రాత్రి వాన పడింది, ఆ నేలలో నేను ఇదివరకు రాసిపెట్టుకున్న బ్యాలెన్స్ నంబరు ఇక పనికిరాదు. నేల కాస్త ఆరాక వెళ్లి మళ్లీ మొదటి నుంచి కాయిల్ కొట్టుకోవాలి.