ప్రాజెక్టు వెబ్‌సైట్‌కి హ్యూగో: కొన్నేళ్లు వాడాక

ఉద్యోగాలయ్యాక రాత్రిపూట కూర్చుని నలుగురం నడిపే చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మాది. దాని వెబ్‌సైట్ మొదట డ్రూపల్ 7 మీద ఉండేది. అదొక సీఎంఎస్, అంటే లాగినై పేజీలు రాసుకునే, వాటిని డేటాబేస్‌లో దాచే సాఫ్ట్‌వేర్. పేజీలు కొన్నే: ఇన్‌స్టాల్ చేసే విధానం, రిలీజ్ నోట్స్, తరచూ అడిగే ప్రశ్నలు. అంతమాత్రానికి పీహెచ్‌పీ, డేటాబేస్, మాడ్యూళ్లు, వాటి అప్‌డేట్లు అన్నీ చూసుకోవాలి. 2014 అక్టోబరులో డ్రూపల్‌లో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం (బయటివాళ్లు డేటాబేస్‌కి తమ ఆదేశాలు పంపగలిగే లోపం) బయటపడినప్పుడు, ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు ప్యాచ్ వేయని సైట్లు హ్యాకైపోయినట్టే అనుకోమని వాళ్ల సెక్యూరిటీ టీమే హెచ్చరించింది. జీతం లేకుండా పనిచేసేవాళ్లకి అది మామూలు టెన్షన్ కాదు. పోనీ డ్రూపల్ 8కి వెళ్దామంటే, సైటు మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నంత పని.

అందుకే హ్యూగోకి మారాం. కచ్చితంగా చెప్పాలంటే ఇది సీఎంఎస్ కాదు, స్టాటిక్ సైట్ జనరేటర్, అంటే పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టే ప్రోగ్రామ్. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా గో భాషలో మొదలుపెట్టారు. పేజీలన్నీ గిట్‌లో (ఫైళ్లలో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్) మార్క్‌డౌన్ ఫైళ్లుగా, అంటే తేలికపాటి గుర్తులతో రాసిన మామూలు టెక్స్ట్‌గా ఉంటాయి, హ్యూగో వాటిని హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. సర్వర్‌లో లాగిన్ పేజీ ఉండదు, డేటాబేస్ ఉండదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ప్రోగ్రామ్‌లో కొత్త ఆప్షన్ చేర్చినవాళ్లు దాని వివరణ కూడా అదే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు చేర్చమని పంపే అభ్యర్థన) పెడతారు. వివరణ లేకపోతే మెర్జ్ చేయం, అంటే ప్రాజెక్టులో కలపం. కోడ్ ఒకటి చెప్తే సైటు ఇంకొకటి చెప్పే పరిస్థితి దీనితో చాలావరకు పోయింది. తెలుగు పేజీల సంగతీ అంతే. ఇంగ్లిష్ ఫైలు పక్కనే తెలుగు ఫైలు ఉంటుంది కాబట్టి, అనువాదం కానివి ఫోల్డర్ తెరవగానే తెలిసిపోతాయి.

ఇబ్బంది ఎక్కడంటే, మంచి తెలుగు రాసేవాళ్లందరికీ గిట్ రాదు. ప్రతి పేజీకీ "సరిదిద్దండి" లింకు పెట్టాం, బ్రౌజర్‌లోనే మార్చి పంపొచ్చు. అయినా ఫైలు పైభాగంలో శీర్షిక, తేదీ లాంటివి రాసే యామల్ అనే భాగంలో, శీర్షిక మధ్య కోలన్ పెట్టి కోట్స్ మరిచిపోతే బిల్డ్ (సైటు తయారయ్యే పని) ఆగిపోతుంది. ఎంతో ఓపికగా అనువాదం చేసి పంపినవాళ్లకి ముందు కనబడేది ఎర్ర రంగు ఎర్రర్ మెసేజ్! ఇలా వెనక్కి తగ్గేవాళ్లని పోగొట్టుకోవడం నాకు నిజంగా బాధ. గిట్ ఫైళ్లని బ్రౌజర్‌లో మార్చనిచ్చే డెకాప్ సీఎంఎస్ లాంటిది పైన తగిలిస్తే ఫారమ్ నింపినట్టు రాయొచ్చు. రచయితలు ఎక్కువుంటే మొదటి రోజే అది పెట్టుకోండి.

హ్యూగో వెర్షన్‌ని మాత్రం ఒకచోట కట్టేసి ఉంచండి, కొత్తది రాగానే దానంతటదే మారకుండా. వెర్షన్ 0.60లో మార్క్‌డౌన్ ఇంజిన్ మారింది, దాంతో పేజీల్లో నేరుగా రాసిన హెచ్‌టీఎంఎల్ డిఫాల్ట్‌గా కనబడకుండా పోయింది. 2025లో 0.146తో టెంప్లేట్ల వ్యవస్థ మొత్తం మార్చారు. నిర్వహణ లేని థీమ్ (సైటుకి రెడీమేడ్ డిజైన్) ఎంచుకుంటే ఇలాంటప్పుడు దాన్ని మీరే బాగుచేసుకోవాలి. సైటులో వెతికే సదుపాయం హ్యూగోతోపాటు రాదు, పేజ్‌ఫైండ్ లాంటి సెర్చ్ సాధనం విడిగా జోడించుకోవాలి.

సభ్యుల లాగిన్, కార్యక్రమాల రిజిస్ట్రేషన్ కావాలనుకుంటే హ్యూగో వద్దు, వర్డ్‌ప్రెస్ తీసుకోండి. అయితే అప్‌డేట్లు ఎవరు చూస్తారో ముందే ఒకరి పేరు రాసుకోండి. ఆ మనిషి దొరకకపోతే సైటు మొదలుపెట్టకండి.