గుణదల తిరునాళ్ళలో కొన్న చెక్క జపమాల: ఏడాదిన్నర వాడాక నా మాట

2024 ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు కొండ కింద ఒక అంగట్లో 60 రూపాయలు పెట్టి చెక్క పూసల జపమాల కొన్నాను. ఏడాదిన్నర అయింది. కొనే ముందు తెలిసినవాళ్ళని అడిగాను, ఏ రకం తెగకుండా ఉంటుంది, ఏది చేతికి బాగుంటుంది అని. అన్నీ ఒకటే కదా అన్నారు. అన్నీ ఒకటి కాదు, అందుకే ఇది రాస్తున్నాను. నాకు విజయవాడ ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉంది, ఇంట్లో ఎనిమిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు ఉన్నారు, కాబట్టి గ్రీజు, చెమట, చిన్నపిల్లల చేతులు మూడూ దీనికి బాగా తగిలాయి.

తిరునాళ్ళు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియమాత బెర్నదెత్త అనే పేద పిల్లకు మొదటిసారి దర్శనమిచ్చింది ఫిబ్రవరి 11న, అందుకని ఆ రోజు. గుణదల కొండ మీద ఫాదర్ అర్లాటి గారు స్వరూపం పెట్టింది 1924లో, అంటే మేము వెళ్ళింది సరిగ్గా నూరేళ్ళ పండుగకి. తలనీలాలు ఇచ్చినవాళ్ళు, కొబ్బరికాయలు పట్టుకున్నవాళ్ళు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు, స్లీవ మార్గం, అంటే యేసు సిలువ మోసిన ఘట్టాల ప్రార్థన, చేసుకుంటూ మెట్లెక్కేవాళ్ళు, అందరూ ఒకే దారిలో. బాబుని భుజాన వేసుకుని దిగేసరికి నాకు మోకాళ్ళు నొప్పి, పాప మాత్రం ప్రతి అంగడి దగ్గరా ఆగింది.

అక్కడ నాలుగు రకాలు చూశాను. ప్లాస్టిక్ పూసలవి 20, 30కే వస్తాయి, తేలిక, కానీ ప్రతి పూస మీదా అచ్చు పోసిన గీత ఉంటుంది, వేలికి గుచ్చుకుంటుంది. చీకట్లో వెలిగే రేడియం పూసలు పిల్లలకి చాలా నచ్చుతాయి, పాపకి ఒకటి కొన్నాను. గాజు పూసలు చూడ్డానికి అందంగా ఉన్నాయి, చల్లగా, బరువుగా, చేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి కాదు, కానీ గచ్చు మీద ఒక్కసారి పడితే సంగతి చెప్పక్కర్లేదు. నాలుగోది చెక్కది, నైలాన్ దారానికి గుచ్చి పూసపూసకీ ముడి వేసినది. గంధం చెక్క బాబూ అని అమ్మే ఆవిడ చెప్పింది. వాసన కూడా వచ్చింది. రెండు వారాలకి ఆ వాసన పోయింది కాబట్టి అది పైన పూసిన అత్తరు అనే అనుకుంటున్నాను. గంధం చెక్క 60 రూపాయలకి రాదని నాకూ తెలుసు, దాన్ని తప్పు పట్టను.

నేను దారానిదే ఎందుకు తీసుకున్నానంటే, అంతకుముందు మా పెళ్ళికి ఇచ్చిన వెండిరంగు గొలుసు జపమాల ఐదు చోట్ల తెగింది. గొలుసు జపమాలలో ప్రతి పూసనీ సన్నని తీగ రింగులతో కలుపుతారు, ఆ రింగు నోరు టంకం వేసి మూయరు, ఊరికే నొక్కి వదిలేస్తారు. జేబులో తాళాలకి చిక్కుకుని కొంచెం లాగితే నోరు తెరుచుకుంటుంది, పూస జారిపోతుంది. కటింగ్ ప్లయర్ పెట్టి నేనే నొక్కాను చాలాసార్లు, నొక్కినకొద్దీ తీగ అలిసిపోయి విరుగుతుంది. దారం ముడిది అలా కాదు. ఒక చోట తెగినా మిగతా పూసలు రాలవు, ఎందుకంటే రెండు వైపులా ముడి పట్టుకుని ఉంటుంది. మాది ఇంతవరకు తెగలేదు. చివర దారం పీచులు లేచింది, అగ్గిపుల్లతో కాల్చి అంటించాను, అంతే.

ఇప్పుడు లోపాలు. మొదటి నెలలో చెమటకి రంగు దిగి రెండు తెల్ల చొక్కాల జేబుల మీద గోధుమరంగు మరకలు పడ్డాయి, ఇంకా పోలేదు. కొనగానే ఒకసారి తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టి వాడండి. చివర ఉండే స్లీవ (సిలువ) మీద ప్రభువు ప్రతిమ చిన్న మేకుతో కొట్టి ఉంటుంది, ఆరు నెలలకి ఊడింది, ఫెవిక్విక్ పెట్టి అతికించాను, అప్పటినుంచి గట్టిగానే ఉంది.

పెద్ద లోపం ఇంకోటి. జపమాలలో 59 పూసలు, వాటిలో 53 మంగళవార్త జపానికి (మరియమ్మకు చెప్పేది), 6 పరలోక జపానికి (పరలోకమందున్న మా తండ్రీ అని చెప్పేది). ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు కలిపితే ఒక పది, అలాంటివి ఐదు. ఆ ఆరూ కొంచెం పెద్దగానో, ఎడంగానో ఉంటే పది పూర్తయిందని వేలికే తెలుస్తుంది, కళ్ళు తెరవక్కర్లేదు. దీంట్లో అన్నీ దాదాపు ఒకే సైజు. చీకట్లో ఎక్కడున్నానో తెలియక మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకోవాల్సి వచ్చేది, లెక్క మీద ధ్యాస పోతే జపం మీద ఉండదు. చివరికి ఆ ఆరు పూసలకీ అటూ ఇటూ సన్న దారంతో ఇంకో ముడి వేశాను. మీరు కొనేటప్పుడు అంగట్లోనే కళ్ళు మూసుకుని వేళ్ళతో నడిపి చూడండి, పెద్ద పూస తగిలిందో లేదో తెలిసిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేసి కొంటే నాలా ఇబ్బంది పడరు.

వస్తువు గురించి చెప్పాల్సింది దాదాపు అయిపోయింది. అయితే నేను దీనికి ఎందుకింత రాస్తున్నానో అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

మా నాన్నగారు రోజూ అన్నాలయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి జపమాల చెప్పించేవారు. మాకు నిద్ర, ఆయనకి అలుపు, అయినా ఒక్కరోజు మానలేదు. నాకు పెళ్ళయ్యాక, కొట్టు పెట్టాక అది పోయింది. ఆదివారం చర్చిలో పూజకి వెళ్ళేవాణ్ణి, పండుగలకి పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసేవాణ్ణి, మిగతా ఆరు రోజులూ దేవుడు ఒక వైపు, నేను ఒక వైపు. విశ్వాసం పోయిందని కాదు, దానికి నా రోజులో చోటు లేదు. తెల్లారి ఆరింటికి లేచి పిల్లల్ని స్కూలుకి తయారు చేయడం, తొమ్మిదికి షట్టర్ ఎత్తడం, రాత్రి తొమ్మిదింటికి దించడం, ఇందులో ఎక్కడ కూర్చుని ప్రార్థన చేయాలి అని నిజంగానే అనుకునేవాణ్ణి. ఒక చేత్తో పని చేస్తూ ఇంకో చేత్తో పట్టుకోగలిగేది ఇదొక్కటే అని ఇది జేబులోకి వచ్చాకే తెలిసింది.

కొన్న నెలకి బాబుకి జ్వరం వచ్చింది, 103. డాక్టర్ గారు మందిచ్చారు, రాత్రంతా తడిగుడ్డ వేస్తూ ఉండమన్నారు. మా ఆవిడ రెండు రాత్రులుగా నిద్ర లేదు, నువ్వు పడుకో నేను చూస్తాను అన్నాను. లైట్ వేస్తే బాబు లేస్తాడు, ఫోన్ చూస్తే అదీ వెలుగే. ఒక చెయ్యి వాడి కడుపు మీద పెట్టి ఇంకో చేత్తో జపమాల తీశాను. ఏం అడగాలో కూడా తోచలేదు. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని చిన్నప్పుడు నోటికి వచ్చిన మాటలే మొదలుపెట్టాను, నోరు దానంతటదే నడిచింది. ఒక జపమాల పూర్తయ్యేసరికి నుదుటి మీద గుడ్డ ఆరిపోయేది, తడిపి మళ్ళీ వేసి ఇంకో జపమాల. అలా ఆ రాత్రి ఏడు జపమాలలు అయ్యాయి. తెల్లవారుజామున వాడికి చెమట పట్టింది. జ్వరం మందుకి తగ్గింది, నేనూ అదే చెబుతాను. కానీ ఆ రాత్రి నేను ఒక్కడినే కూర్చున్నానని మాత్రం అనలేను. నాకు అంతకుముందు ఎప్పుడూ అలా అనిపించలేదు, చర్చిలో కూడా.

ఆ తర్వాత ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టాం, రోజూ ఐదు పదులూ కాదు, పిల్లలు మేలుకుని ఉన్నంతవరకు. ఒక్కో పదికి యేసు, మరియమ్మల జీవితంలోని ఒక్కో ఘట్టం తలచుకుంటాం, వాటినే దేవరహస్యాలంటారు. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు దేవరహస్యాలు. మా నాన్నగారి రోజుల్లో వెలుగువి లేవు, 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు చేర్చారు. అవి నేను పిల్లలతో పాటే నేర్చుకున్నాను.

ఒక శనివారం జరిగింది చెప్పాలి. ఒంటిపూట బడి. పాపని మా ఆవిడ తీసుకొస్తుందని నేను, నేను తీసుకొస్తానని ఆవిడ. ఒంటిగంటకి ఆవిడ ఫోన్ చేసి "ఏవండీ, పాప కొట్లో ఉందా?" అంది. నా కాళ్ళలో బలం పోయింది. బండి తీసి వెళ్ళాను, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు జేబులో పూస పట్టుకున్నాను కానీ ఒక్క మాట కూడా రాలేదు, ఊరికే పట్టుకున్నాను అంతే. పాప గేటు పక్కన వాచ్‌మన్ గారి స్టూలు మీద కూర్చుని ఉంది, ఏడవలేదు, నన్ను చూశాక ఏడ్చింది.

ఆ రాత్రి సంతోష దేవరహస్యాలు, ఐదోది బాలయేసు దేవాలయంలో కనబడటం. పన్నెండేళ్ళ పిల్లవాడు పాస్కా పండుగకి వెళ్ళి యెరూషలేములోనే ఉండిపోతే, మిగతావాళ్ళతో వస్తున్నాడనుకుని తల్లిదండ్రులు ఒక రోజు దూరం నడిచి వచ్చేశారు, మూడు రోజులకి గానీ దొరకలేదు. నేను ఆ రహస్యం చదువుతుంటే పాప అడిగింది, "నాన్నా, వాళ్ళ నాన్న కూడా అమ్మ తీసుకొస్తుందనుకున్నాడా?"

నాకు గొంతు పెగల్లేదు. "అవునమ్మా, అలాగే అనుకున్నట్టున్నాడు" అన్నాను. "మరి తిట్టలేదా?" అంది. తిట్టలేదు. అక్కడ మరియమ్మ మాట్లాడింది, జోజప్ప గారు (యోసేపు, యేసుని పెంచిన తండ్రి) ఏమీ అనలేదు. అక్కడే కాదు, సువిశేషాల్లో (సువార్తల్లో) ఎక్కడా ఆయన ఒక్క మాట మాట్లాడినట్టు లేదు. లేచాడు, తీసుకెళ్ళాడు, వెతికాడు, పని చేసి పెట్టాడు. చిన్నప్పటి నుంచి కొన్ని వందలసార్లు ఈ రహస్యం చెప్పి ఉంటాను, అందులో ఒక తండ్రి ఉన్నాడని, ఆయనకి ఆ మూడు రోజులూ కాళ్ళలో బలం ఉండి ఉండదని ఆ రాత్రే తెలిసింది. ఇప్పుడు మే 1న, ఆటోనగర్ అంతా మేడే సెలవులో ఉన్నప్పుడు, పొద్దున్నే పూజకి వెళ్తున్నాను. ఆ రోజు కార్మికుడైన జోజప్ప గారి పండుగ.

కొట్లో కూడా ఇది పనికొస్తుంది. బాకీలు వసూలు కాని నెలలు ఉంటాయి, ఒక్కోసారి ఎదుటి మనిషిని ఫోన్లో ఎంత మాట పడితే అంత అనేసేవాణ్ణి, పక్కన పనిచేసే కుర్రాళ్ళు వింటుండగానే. ఇప్పుడు ఫోన్ చేసే ముందు పది పూసలు తిప్పుతాను. డబ్బు అడుగుతాను, గట్టిగానే అడుగుతాను, కానీ గొంతు లేవడం లేదు. వ్యాపారం బాగా లేని రోజుల్లో బెర్నదెత్త తండ్రి గుర్తొస్తాడు. పిండి మిల్లు చేజారి, కుటుంబం మొత్తాన్నీ ఒకప్పుడు జైలుగా వాడిన ఒక్క గదిలో ఉంచాల్సి వచ్చిన మనిషి ఆయన. మరియమాత ఎంచుకున్నది ఆ గదిలో ఉంటున్న పిల్లని. కొండ గుహ దగ్గర ఆ పిల్ల భయంతో మొదట చేసిన పని జేబులోంచి జపమాల తీయడం.

ఫోన్లో జపమాల యాప్‌లు కూడా వాడి చూశాను. రహస్యాలు చదువుకోవడానికి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బాగుంటాయి. నాకు మాత్రం మూడో పదిలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, జపం అక్కడితో ఆగిపోతుంది. వేలికి పెట్టుకునే పది గుబ్బల ఉంగరం జపమాల ప్రయాణాల్లో మంచిదే, బస్సులో నిలబడి కూడా చెప్పుకోవచ్చు. బండి నడుపుతూ మాత్రం ఏదీ వద్దు.

చెక్కదాని మీద గ్రీజు గురించి అడుగుతారేమో. అంటితే పొడిగుడ్డతో వెంటనే తుడవాలి, సబ్బునీళ్ళలో నానబెట్టకూడదు, పూస ఉబ్బి రంధ్రం దగ్గర పగుళ్ళు వస్తాయి. నాకు రెండు పూసలు అలా పగిలాయి, పగిలినా ముడి వల్ల ఊడలేదు. వాడగా వాడగా పూసలు నునుపు తేలి ఇప్పుడు కొన్నప్పటికంటే చేతికి బాగున్నాయి, ఇది ప్లాస్టిక్‌తో రాదు.

నా లెక్కలో ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది పూసల సైజు గురించే. వెళ్ళేవాళ్ళు వీలైతే 9వ తేదీ పొద్దున్నే వెళ్ళండి, 11న పిల్లలతో అంగళ్ళ దగ్గర నిలబడి చూడటం కష్టం. ముందు కొనండి, ఆ తర్వాత ఫాదర్ గారితో మంత్రింపించండి, అంటే ఆశీర్వదింపజేయండి, మంత్రించినది అని చెప్పి ఎక్కువ ధర అడిగితే తీసుకోవద్దు. బాబు ఈసారి తనకీ ఒకటి కావాలంటున్నాడు, రేడియంది కాదట, నాన్నది లాంటిదేనట. వాడి వేళ్ళకి సరిపోయే చిన్న పూసలది, పెద్ద పూస తేడా తెలిసేది ఎక్కడైనా చూస్తే కామెంట్‌లో చెప్పండి.