ఫ్రెంచ్ లిజనింగ్ కోర్సులు కొనేవారికి హెచ్చరిక: నడిమి పాఠం వినకుండా డబ్బు కట్టకండి

కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం ఫ్రెంచ్ నేర్చుకుంటున్న తెలుగువారిని, ముఖ్యంగా ఉద్యోగం చేసుకుంటూ రోజూ ఇంట్లోనే సొంతంగా చదువుకునేవారిని లక్ష్యంగా చేసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న 'రోజుకు అరగంట ఫ్రెంచ్ లిజనింగ్' తరహా కోర్సుల గురించి ఈ హెచ్చరిక రాస్తున్నాను. నేను కొన్న కోర్సు పేరు ఇక్కడ రాయడం లేదు. దానిపై నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇదే మూసలో పేర్లు మార్చుకుని వస్తున్న కోర్సులు అనేకం ఉన్నందున, ఒక్క పేరు తెలుసుకుని దాన్ని తప్పించుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ ఉండదు. సరుకు ఎలాంటిదో డబ్బు కట్టకముందే పసిగట్టడం తెలియాలి.

ఈ వ్యాపారం ఇంతగా సాగడానికి కారణం అందరికీ తెలిసిందే. పీఆర్‌కు దరఖాస్తుదారులను ఎంపిక చేసే కెనడా ప్రభుత్వ పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవారికి ప్రత్యేకంగా డ్రాలు (ఎంపిక విడతలు) తీస్తున్నారు. ఆ వర్గంలో నిలవాలంటే చదవడం, రాయడం, మాట్లాడడం, వినడం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ స్థాయిని కొలిచే కెనడా కొలమానం) 7 రావాలి. ఆ స్థాయిని నిరూపించుకునే టీసీఎఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షలో వినికిడి విభాగానికి 699 మార్కులకు కనీసం 458 తెచ్చుకుంటేనే ఆ స్థాయి అందుతుంది. 35 నిమిషాల్లో 39 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, ప్రతి ఆడియోనూ ఒక్కసారే వినిపిస్తారు, పైకి వెళ్లేకొద్దీ ప్రశ్నలు కష్టమవుతాయి. చదవడం, రాయడం పుస్తకాలతో ఎలాగో నెట్టుకురావచ్చు గానీ చెవిని సిద్ధం చేసుకోవడం మాత్రం రోజువారీ సాధన లేనిదే కుదరదు కనుక, చాలామంది తడబడేది ఈ విభాగంలోనే. అమ్మేవాళ్లు పట్టుకునేదీ సరిగ్గా ఈ భయాన్నే.

నేను 4,999 రూపాయలు కట్టిన కోర్సు ప్రకటనలో మూడు మాటలు ఇచ్చారు: ప్రతిరోజూ కొత్త ఆడియో ఉంటుందని, అన్నీ ఫ్రెంచ్‌వారి సొంత గొంతులేనని, 90 రోజుల్లో ఎన్‌సీఎల్‌సీ 7 ఖాయమని. ఆఫర్ ముగియడానికి ఇంకెంత సమయం ఉందో చూపే గడియారం ఒకటి పేజీ పైభాగాన పరుగెడుతూ ఉంటుంది. పేజీని మూసి మళ్లీ తెరిస్తే అది మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. అలాంటి గడియారం కనబడితే అక్కడితోనే ఆగిపోవచ్చునని ఇప్పుడు నా అభిప్రాయం.

మొదటి వారం పాఠాలు నిజంగానే బాగున్నాయి. ఉచిత నమూనాగా చూపేదీ ఆ వారం పాఠాలనే. అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. రెండో వారం నుంచి వచ్చిన సంభాషణల్లో అధిక భాగం కంప్యూటర్ చదివినవే. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది కానీ ఒకరి మాటకు మరొకరు అడ్డురారు, ఎవరూ తడుముకోరు, వెనుక వీధి చప్పుడు గానీ హోటల్ సందడి గానీ వినిపించదు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే 'జ న సే పా' (నాకు తెలియదు) అని ప్రతి అక్షరమూ విడదీసి పలుకుతారు. పారిస్‌లో గానీ మాంట్రియల్‌లో గానీ మామూలు మాటల్లో అది 'షే పా' అయిపోతుంది, 'ఇల్ యా' (ఉంది) కాస్తా 'యా'గా మిగులుతుంది. పరీక్షలోని రేడియో ముక్కలు, ఇంటర్వ్యూలు సహజ వేగంతో సాగుతాయి కనుక, విడదీసి పలికిన ఫ్రెంచ్‌కు అలవాటుపడిన చెవి అక్కడ నిలవలేదు. మనుషుల గొంతులున్న కొన్ని ఆడియోలను సైతం వేగం తగ్గించి పెట్టడంతో మాట మాటకూ లోహపు ధ్వని వినిపించేది.

ఒక పాఠం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రైల్వే స్టేషన్ ప్రకటన అది. రైలు ఎన్ని గంటలకు బయలుదేరుతుందన్నది ప్రశ్న. ఫ్రెంచ్‌లో రెండు గంటలు, పన్నెండు గంటలు అనే మాటలు వేగంగా పలికినప్పుడు దాదాపు ఒకేలా వినిపిస్తాయి, తేడా అంతా మొదటి అచ్చులోనే ఉంటుంది. పన్నెండులో ఉన్నది మన 'ఊ' లాంటిదే; రెండులో ఉన్న అచ్చు తెలుగులో లేదు. అంటే మనవాళ్లు శ్రద్ధగా సాధన చేయవలసిన చోటే ఇది. ఆడియోలో నాకు పన్నెండు అని వినిపిస్తుంటే, రాతప్రతిలోనూ (ఆడియోలోని మాటలను రాసి ఇచ్చే పాఠం), జవాబుల పట్టికలోనూ రెండు అని ఉంది. లియోన్‌లో ఉంటున్న మా పెద్దమ్మగారి అబ్బాయికి ఆ ఆడియో పంపితే, పన్నెండే అన్నాడు. తప్పుడు జవాబు వల్ల పోయేది ఒక మార్కు అయితే సరిపెట్టుకోవచ్చు. సొంతంగా చదువుకునే మనిషికి పక్కన దిద్దేవారు ఎవరూ ఉండరు కాబట్టి, సరిగ్గా విన్న చెవినే అనుమానించడం మొదలవుతుంది. ఈ మోసంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే.

ఇక 'వార్తలు' అనే విభాగంలోని పాఠాలు ఎక్కడివో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధనేమీ అవసరం కాలేదు. రాతప్రతిలోని ఒక పొడవాటి వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే, ఫ్రాన్స్ ప్రభుత్వ అంతర్జాతీయ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ ఉచితంగా అందించే 'జూర్నాల్ ఆఁ ఫ్రాంసే ఫసీల్' పేజీ వచ్చింది. ప్రతిరోజూ 10 నిమిషాల పాటు తేలిక ఫ్రెంచ్‌లో వార్తలు చెప్పి, రాతప్రతిని కూడా పెట్టే కార్యక్రమం అది. దాని మొదట్లో వచ్చే సంగీతాన్ని, వార్తలు చదివేవారి పేరును కత్తిరించి, పాత సంచికలను రోజుకొకటిగా మనకు అమ్ముతున్నారు.

డబ్బు వెనక్కి అడిగినప్పుడు వచ్చిన జవాబు మరీ విచిత్రం. ఏడు రోజుల్లోగా, కోర్సులో 20 శాతానికి మించి చూడకుండా ఉంటేనే వాపసు ఇస్తారట. రాతప్రతులన్నీ కలిపిన పీడీఎఫ్‌ను ఒక్కసారి దించుకున్నా నూరు శాతం చూసినట్టేనట. ఆ పీడీఎఫ్‌ను మొదటి రోజే దించుకోమని చెప్పింది వాళ్లే. ఇది చాలదన్నట్టు, డబ్బు కట్టే పేజీలో 'నెలవారీ సభ్యత్వం' అనే గడికి ముందే టిక్కు పెట్టి ఉంచి, దాని ద్వారా యూపీఐ ఆటోపేకు అనుమతి తీసుకున్నారు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవారిని మభ్యపెట్టే వెబ్‌సైట్ ఎత్తుగడల) మార్గదర్శకాలలో నకిలీ తొందర, సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు వంటివాటిని స్పష్టంగా నిషేధించారు. ఇలాంటి కోర్సుకు డబ్బు కట్టి ఉన్నవారు వెంటనే మీ యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగం తెరిచి, ఆ అనుమతి అక్కడ ఉంటే రద్దు చేయండి. కోర్సు వెబ్‌సైట్‌లో ఖాతా తొలగించినంత మాత్రాన అది ఆగిపోతుందని అనుకోవద్దు.

కొనక తప్పదనుకునేవారు మొదటి పాఠం చూపిస్తే ఒప్పుకోకుండా, కోర్సు నడిమిలోని ఒక ఆడియోను, దాని రాతప్రతిని పంపమని అడగండి. పంపకపోతే జవాబు దొరికినట్టే. పంపితే, ఆ రాతప్రతిలోని ఒక వాక్యాన్ని నేను చేసినట్టే వెతకండి; గొంతు ఎవరిదో, వేగం మార్చారో లేదో అడగండి; వాపసు షరతులను, ప్రకటనలోని హామీలను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. లిజనింగ్‌లో ఇన్ని రోజుల్లో ఇంత స్థాయి ఖాయం అని చెప్పేవారిని నమ్మవద్దు.

అసలు కొనవలసిన అవసరం ఎంతమందికి ఉందన్నది వేరే ప్రశ్న. ఆర్‌ఎఫ్‌ఐ వార్తలు ఉన్నాయి. టీవీ5 మోండ్ వారి అభ్యాస వెబ్‌సైట్‌లో ఏ1 (ప్రారంభ స్థాయి) నుంచి బీ2 (పై మధ్యస్థాయి) వరకు వీడియోలతో కూడిన అభ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. బీ1 దాటినవారికి ఇన్నర్‌ఫ్రెంచ్ పాడ్‌కాస్ట్ ఉంది. టీసీఎఫ్ నిర్వహించే ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ సంస్థే నమూనా ప్రశ్నలు ఇస్తుంది. వార్తల్లో రెండు నిమిషాల ముక్క తీసుకుని, ముందు రాతప్రతి చూడకుండా విని, తరువాత ఆపి ఆపి వింటూ వినిపించింది వినిపించినట్టు రాసి, అప్పుడు రాతప్రతితో పోల్చి, తప్పిన చోట్లనే మళ్లీ వింటూ గొంతు కలిపి పలికితే, నేను డబ్బు కట్టిన కోర్సు నేర్పనిది అందులో దొరుకుతుంది. కాస్త విసుగు పుట్టించే పనే, కాదనను.

ఇప్పటికే మోసపోయినవారు ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు. నా ఈమెయిల్‌కు జవాబు రాలేదు. హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదైన తరువాత మాత్రం సగం డబ్బు తిరిగి ఇస్తామని కబురు పెట్టారు. ఒప్పుకోలేదు, కమిషన్‌కు వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. ఇదే తరహా కోర్సు కొన్నవారు ఎవరైనా ఉంటే మీ చెల్లింపు రసీదును, ప్రకటన స్క్రీన్‌షాట్లను చెరిపేయకుండా ఉంచుకోండి.